ఎక్కడ ‘డై’ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు?

ప్రశ్న: సార్, మాది వింజమూరు దగ్గర ఒక పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, ఇప్పుడు నెల్లూరులో హాస్టల్లో ఉండి బైపీసీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. మొన్న స్లిప్ టెస్టులో ఎంజీసీఎల్2కి మెగ్నీషియం డైక్లోరైడ్ అని రాస్తే కొట్టేశారు. సరే, ఈ డైలు, ట్రైలు వద్దేమో అనుకొని పీసీఎల్3కి ఫాస్ఫరస్ క్లోరైడ్ అని రాస్తే అదీ కొట్టేశారు. సెలవులకు ఇంటికెళ్లినప్పుడు మా నాయనతో చెబితే డీఏపీ బస్తా చూపించి ‘దీంట్లో డై ఉంది గదా’ అన్నాడు. ఎన్2ఓకి ఒక పుస్తకంలో నైట్రస్ ఆక్సైడ్ అనీ, ఇంకో దాంట్లో డైనైట్రోజన్ మోనాక్సైడ్ అనీ, ఫోన్లో చూస్తే డైనైట్రోజన్ ఆక్సైడ్ అనీ ఉంది. హాస్టల్లో అందరూ బట్టీ పట్టెయ్యమంటున్నారు. నాకు కెమిస్ట్రీ ఒంటబట్టదేమో, సీఈసీకి మారిపోదామా అనిపిస్తోంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మాయ్, ముందు నీ చివరి మాటకు జవాబు చెబుతాను. ఈ రెండు తప్పులకు భయపడి గ్రూపు మారక్కర్లేదు. సీఈసీ మీద ఇష్టం ఉంటే అది వేరే సంగతి, అప్పుడు నిక్షేపంగా మారొచ్చు. నువ్వు మెగ్నీషియం డైక్లోరైడ్ అని రాశావంటే ఫార్ములాలో అంకెలు చూసి లెక్క పెట్టడం నీకు వచ్చన్నమాట. ఆ లెక్క పేరులో ఎప్పుడు చెప్పాలో మాత్రం నీకు ఎవరూ చెప్పినట్టు లేదు.

పేరు ఉన్నది దేనికి? నువ్వు పేరు పలికితే అవతల ఉన్న మనిషి పుస్తకం తెరవకుండా ఫార్ములా రాయగలగాలి. అంతే దాని పని. ఎంజీసీఎల్2 చూడు. మెగ్నీషియం రెండు ఎలక్ట్రాన్లు వదిలేస్తుంది, క్లోరిన్ ఒక్కటే పుచ్చుకుంటుంది. కాబట్టి ఒక మెగ్నీషియానికి రెండు క్లోరిన్లు కావాలి. ఇంకో రకంగా కుదరదు. మెగ్నీషియం క్లోరైడ్ అనగానే ఆవేశాలు (ప్లస్, మైనస్ ఛార్జీలు) తెలిసినవాడు ఆ 2 తనే రాసుకుంటాడు. వాడికి తెలిసిన సంగతిని మళ్లీ చెప్పడం దేనికని ‘డై’ వదిలేశారు. ఇస్కపల్లి కయ్యల్లో తయారయ్యే ఉప్పును సోడియం క్లోరైడ్ అంటాం గానీ సోడియం మోనోక్లోరైడ్ అని ఎవరూ అనరు. కారణం ఇదే. అల్యూమినియం ఆక్సైడ్ ఫార్ములాలో 2, 3 రెండంకెలూ ఉన్నా పేరులో ఒక్కటీ కనపడదు.

ఇప్పుడు ఫాస్ఫరస్, క్లోరిన్ సంగతి. రెండూ అలోహాలే. ఎలక్ట్రాన్లను ఇచ్చిపుచ్చుకోవు, పంచుకుంటాయి. పంచుకోవడంలో ఒకే ఒక్క పద్ధతి ఉంటుందని లేదు. ఫాస్ఫరస్ మూడు క్లోరిన్లతో కలిస్తే రంగులేని ద్రవం, ఐదింటితో కలిస్తే లేత పసుపు ఛాయ ఉన్న తెల్లటి ఘనం. ఫాస్ఫరస్ క్లోరైడ్ అని నువ్వు రాస్తే చదివినవాడు ఏ సీసా తియ్యాలి? అందుకే ఫాస్ఫరస్ ట్రైక్లోరైడ్, ఫాస్ఫరస్ పెంటాక్లోరైడ్ అని అంకె చెప్పి తీరాలి. (ఆ పెంటాక్లోరైడ్ ఘనస్థితిలో లోపల అయాన్లుగా, అంటే ఆవేశం ఉన్న ముక్కలుగా విడిపోయి ఉంటుందని ముందు ముందు చదువుతావు. అప్పుడు మళ్లీ కంగారు పడకు, పేరు మారదు.)

మూసిన గదిలో జనరేటర్ నడిపితే మనుషుల ప్రాణాలు తీసేది కార్బన్ మోనాక్సైడ్. గోలీసోడా బుడగల్లో ఉండేది కార్బన్ డయాక్సైడ్. కార్బన్ ఆక్సైడ్ అని ఊరుకుంటే ఏది ఏదో ఎలా తెలుస్తుంది?

కాబట్టి ఫార్ములా కనపడగానే నువ్వు వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న: ఇందులో లోహం ఉందా? ఉంటే అంకెల జోలికి పోవద్దు. రెండూ అలోహాలే అయితే అంకె చెప్పాలి. ఇక్కడ ఒక చిన్న కంత ఉంది. అమోనియం క్లోరైడ్‌లో లోహం లేదు, అయినా అది అయానిక పదార్థమే, ఎందుకంటే అమోనియం అనే ఒక నైట్రోజన్, నాలుగు హైడ్రోజన్ల గుంపు లోహ అయాన్ లాగే ప్లస్ ఆవేశంతో ఉంటుంది. ఎన్‌హెచ్4 కనపడితే దాన్ని లోహాల వైపు పంపించెయ్.

ఇక అలోహాల జంటకు పేరు కట్టే పద్ధతి. నువ్వు నెల్లూరులో ఉన్నావు గనక షార్ నుంచి రాకెట్ వెళ్తే హాస్టల్ మిద్దె మీద నుంచి చూసే ఉంటావు. శ్రీహరికోట ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ మా తరానికి అది నెల్లూరు జిల్లాదే. పీఎస్ఎల్వీ రెండో దశలోనూ, 2023 జులై 14న చంద్రయాన్-3ని మోసుకెళ్లిన ఎల్వీఎం3 మధ్య దశలోనూ ఉండేది వికాస్ ఇంజినే. దాంట్లో ఇంధనాన్ని మండించే ఆక్సీకరణి ఎన్2ఓ4. ఇంధనానికి ఇది తగిలితే చాలు, నిప్పురవ్వ అక్కర్లేకుండానే అంటుకుంటుంది. దీనికే పేరు పెడదాం.

ముందు ఎవరు? ఎలక్ట్రాన్ల మీద ఆశ తక్కువ ఉన్నది, అంటే రుణవిద్యుదాత్మకత తక్కువ ఉన్న మూలకం ముందు. ఇక్కడ నైట్రోజన్. మామూలుగా ఫార్ములా కూడా ఆ వరసలోనే రాసి ఉంటుంది కాబట్టి నువ్వు వెతుక్కోవాల్సింది లేదు. రెండోది ఆక్సిజన్, దాని తోక కోసి ‘ఐడ్’ తగిలిస్తే ఆక్సైడ్. ఇక లెక్క: నైట్రోజన్లు రెండు కాబట్టి డై, ఆక్సిజన్లు నాలుగు కాబట్టి టెట్రా. డైనైట్రోజన్ టెట్రాక్సైడ్.

ఇక్కడ చాలామంది పిల్లలు చేసే పొరపాటు ఒకటుంది. 2, 4 కనపడగానే లెక్కల క్లాసులో భిన్నం కొట్టేసినట్టు కొట్టేసి ఎన్ఓ2 చేసేస్తారు. చెయ్యకూడదు. ఎన్ఓ2 వేరే పదార్థం, నైట్రోజన్ డయాక్సైడ్, ఎర్రటి గోధుమరంగు వాయువు. ఎన్2ఓ4కి రంగు లేదు. ఒకదాన్నుంచి ఒకటి వస్తాయి, వేడి చేస్తే గోధుమరంగు పెరుగుతుంది, చల్లారిస్తే తగ్గుతుంది. నిష్పత్తి ఒకటే అయినా అణువులు వేరు. అణువులో ఎన్ని పరమాణువులు ఉన్నాయో అన్నీ చెప్పాలి. ఎస్2సీఎల్2 కనపడినా అంతే, కొట్టివెయ్యకుండా డైసల్ఫర్ డైక్లోరైడ్ అని రాయాలి.

అంకెల మాటలు పదే: మోనో, డై, ట్రై, టెట్రా, పెంటా, హెక్సా, హెప్టా, ఆక్టా, నోనా, డెకా. బట్టీ పట్టాల్సింది ఏదన్నా ఉంటే ఇవి, ‘ఐడ్’ రూపాలు కొన్ని. మొదటి మూలకం ఒక్కటే ఉంటే దాని ముందు మోనో పెట్టరు. సీఓని మోనోకార్బన్ మోనాక్సైడ్ అనరు. రెండో మూలకానికి మాత్రం మోనాక్సైడ్ అని అంటారు.

మోనో + ఆక్సైడ్ మోనాక్సైడ్ ఎందుకయిందో తెలుగు మీడియంలో చదివిన నీకు నేను చెప్పాలా? ఏమి + అంటివి ఏమంటివి అయినట్టే, అచ్చు ముందు అచ్చు లోపించింది. అయితే మీ పరీక్ష ఇంగ్లిషు స్పెల్లింగులో రాస్తారు గనక అక్కడ జాగ్రత్త. మోనాక్సైడ్‌లో రెండు ‘ఓ’లు పక్కపక్కన రావు. టెట్రా, పెంటా, డెకాల చివరి ‘ఏ’ అక్షరం కూడా ఆక్సైడ్ ముందు తీసేసి పాఠ్యపుస్తకాలు రాస్తాయి. డై, ట్రైల చివర ఉన్న ‘ఐ’ని మాత్రం ఎప్పుడూ తియ్యకూడదు, ట్రైఐయొడైడ్ అని రాసినప్పుడు రెండు ‘ఐ’లు పక్కపక్కన వచ్చినా సరే. ఐయూపాక్ అని రసాయన పేర్లకు అంతర్జాతీయంగా నియమాలు పెట్టే సంఘం ఉంది, 1919లో పుట్టింది. వాళ్లు 2005లో మోనాక్సైడ్ ఒక్కటి మినహాయించి మిగతా వాటిలో అక్షరం తియ్యకుండా టెట్రాఆక్సైడ్ అని పూర్తిగా రాయమన్నారు. పుస్తకాల వాళ్లు పాత అలవాటు వదల్లేదు. నీ పుస్తకంలో ఎలా ఉంటే అలా రాయి.

‘ఐడ్’ గురించి ఒక్క మాట. కనిగిరి వైపు వెళ్తే ‘మా ఊళ్లో ఫ్లోరిన్ నీళ్లండీ’ అంటారు. అక్కడి బోరు నీళ్లలో ఉన్నది ఫ్లోరైడ్. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే పళ్లకూ ఎముకలకూ చేటు చేసేది అదే. ఫ్లోరిన్ అంటే విడి మూలకం, లేత పసుపు వాయువు, నీళ్లు తగిలితే చాలు, చర్య జరిపేస్తుంది, బోర్లో ఉండలేదు. ఊళ్లో మాటకు ఎవరూ మార్కులు తియ్యరు గానీ ఎస్ఎఫ్6కి సల్ఫర్ హెక్సాఫ్లోరిన్ అని రాస్తే తీస్తారు. సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ అనాలి. అదేంటో తెలియని వస్తువేం కాదు, పెద్ద సబ్‌స్టేషన్లలో కరెంటు వాళ్లు ఎస్సెఫ్ సిక్స్ బ్రేకర్ అంటుంటారే, దాని లోపల నింపేది ఈ వాయువునే.

ముందు ఏ మూలకం రావాలన్న దగ్గర ఒకటి రెండు చోట్ల తికమక ఉంటుంది. ఆక్సిజన్ దాదాపు ఎప్పుడూ రెండోదిగానే వస్తుంది, ఫ్లోరిన్‌తో కలిసినప్పుడు తప్ప. ఫ్లోరిన్‌కు ఎలక్ట్రాన్ల ఆశ అందరికన్నా ఎక్కువ కాబట్టి ఓఎఫ్2ని ఆక్సిజన్ డైఫ్లోరైడ్ అంటాం. రెండూ హాలోజన్లే (ఫ్లోరిన్, క్లోరిన్, అయోడిన్ ఉన్న కుటుంబం) అయితే ఆవర్తన పట్టికలో కింద ఉన్నది ముందు వస్తుంది: ఐఎఫ్7 అయోడిన్ హెప్టాఫ్లోరైడ్. క్లోరిన్, ఆక్సిజన్ల జంటను సీఎల్2ఓ7 లాగా క్లోరిన్ ముందు పెట్టి డైక్లోరిన్ హెప్టాక్సైడ్ అని పుస్తకాలు చెబుతాయి. ఐయూపాక్ కొత్త వరసలో అది తిరగబడింది, మీ పరీక్షకు ఆ గొడవ అక్కర్లేదు.

ఇక మీ నాయన బస్తా. ఆయన అడిగింది మంచి ప్రశ్న, నీ క్లాసులో ఎవరూ అడిగి ఉండరు. డీఏపీ అంటే డైఅమోనియం ఫాస్ఫేట్. రెండు అమోనియం అయాన్లు, ఒక హైడ్రోజన్ ఫాస్ఫేట్ అయాన్. ఇది అయానిక పదార్థమే. మూడు నాలుగు మూలకాలున్న ఇలాంటి లవణాలకు మనం ఇందాక చెప్పుకున్న రెండు అలోహాల పద్ధతి వర్తించదు. హైడ్రోజన్ ఫాస్ఫేట్ ఆవేశం మైనస్ రెండు కాబట్టి రెండు అమోనియంలు కావాలని దానంతట అదే తెలుస్తుంది, అమోనియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ అన్నా చాలు. మరి ‘డై’ ఎందుకు? ఎరువుల కొట్లో దీని తమ్ముడు కూడా ఉన్నాడు: మోనోఅమోనియం ఫాస్ఫేట్. డ్రిప్పులో వదిలే 12-61-0 సంచులు వాటివే. బస్తా మీద హైడ్రోజన్ ఊసు లేకుండా అమోనియం ఫాస్ఫేట్ అని మాత్రమే వేస్తే రైతు ఏది కొంటున్నాడో తెలియదు. అందుకని అక్కడ అంకె చెప్పాల్సి వచ్చింది. చూశావా, పీసీఎల్3కి ట్రై ఎందుకు పెట్టామో దీనికి డై కూడా అందుకే పెట్టారు. చెప్పకపోతే రెండింటికీ తేడా తెలియదు కాబట్టి.

అదే బస్తా మీద 18-46-0 అని ఉంటుంది. ఈసారి వెళ్లినప్పుడు ఆ 46 ఏంటని మీ నాయన్ని అడుగు, భాస్వరం (ఫాస్ఫరస్) అంటాడు. అది భాస్వరం కాదు, పీ2ఓ5 లెక్కలో చెప్పిన శాతం. బస్తాలో ఆ పదార్థం చిటికెడు కూడా ఉండదు, ఎరువుల వాళ్ల లెక్క కొలత మాత్రమే అది. యాభై కిలోల బస్తాలో 23 కిలోల పీ2ఓ5కి సరిపడా ఫాస్ఫరస్ ఉందని అర్థం. అసలు ఫాస్ఫరస్ తూకం వేస్తే సుమారు పది కిలోలే. ఇంకో చమత్కారం ఏంటంటే, పీ2ఓ5 అని రాసే ఆ ఆక్సైడ్ అణువు నిజంగా పీ4ఓ10. అణువు లోపలి లెక్క తేలకముందు నిష్పత్తిని బట్టి పెట్టిన ఫాస్ఫరస్ పెంటాక్సైడ్ అనే పేరు అలా నిలబడిపోయింది. పద్ధతి ప్రకారం రాయమంటే టెట్రాఫాస్ఫరస్ డెకాక్సైడ్. పరీక్షలో ఫార్ములా ఏది ఇస్తే దాన్ని లెక్కపెట్టి రాయి.

ఎన్2ఓకి మూడు పేర్లెందుకు? జోసెఫ్ ప్రీస్ట్లీ దాన్ని తయారుచేసింది 1772లో. అప్పటికి అణువులో పరమాణువులు లెక్కపెట్టడం అనేదే లేదు. తర్వాత నైట్రోజన్ ఆక్సైడ్లను వేరు చేసి చెప్పడానికి చివర ‘అస్’ ఒకదానికి, ‘ఇక్’ ఇంకోదానికి తగిలించారు. నైట్రస్ ఆక్సైడ్ ఎన్2ఓ, నైట్రిక్ ఆక్సైడ్ ఎన్ఓ. రెండు ఆక్సైడ్లయితే ఈ పద్ధతి బాగానే ఉంటుంది. నైట్రోజన్‌కు ఎన్2ఓ3, ఎన్ఓ2, ఎన్2ఓ4, ఎన్2ఓ5 కూడా ఉన్నాయి, వీటికి తోకలు ఎన్నని తెస్తాం? పైగా చెవికి దగ్గరగా ఉన్న పేర్లు ప్రమాదం. నైట్రస్ ఆక్సైడ్ ఆపరేషన్ థియేటర్లో మత్తుకు వాడే వాయువు, నవ్వించే వాయువు అంటారే, అది. నైట్రిక్ ఆక్సైడ్ మన రక్తనాళాలు వదులయ్యేలా శరీరమే తయారుచేసుకునేది, ఆ సంగతి కనిపెట్టినందుకు 1998లో ముగ్గురికి వైద్యంలో నోబెల్ ఇచ్చారు. పేరులో ఒక్క తోక తేడాతో ఇది అది అయిపోతుంది. అందుకే లెక్క చెప్పే పేర్లు మేలని నేనంటాను, నోరు తిరగడానికి కాస్త కష్టమైనా. మోనో పెట్టిన పేరూ, పెట్టని పేరూ రెండూ సరైనవే. ఐయూపాక్ ఆ మోనోని వదిలెయ్యనిస్తుంది.

కొన్నిటికి మాత్రం ఏ లెక్కా అడగకు. నీళ్లను డైహైడ్రోజన్ మోనాక్సైడ్ అనడం ఎగతాళికే పనికొస్తుంది. నీరు నీరే, అమోనియా అమోనియానే, మీథేన్ మీథేనే, ఎన్2హెచ్4 హైడ్రజీన్. ఇవి అందరూ ఒప్పుకున్న పాత పేర్లు. అల్లూరు వైపు రొయ్యల గుంటల్లో అడుగున నల్ల బురద కుళ్లి కోడిగుడ్డు మురిగిన వాసన వస్తే ‘హెచ్ టూ ఎస్ పుట్టింది’ అంటారు. దాన్ని హైడ్రోజన్ సల్ఫైడ్ అనే రాస్తారు, డైహైడ్రోజన్ సల్ఫైడ్ అంటే తప్పు కాదు గానీ అవసరం లేదు. హైడ్రోజన్‌కు వేలన్సీ ఒకటే, సల్ఫైడ్‌కు రెండు, కాబట్టి ఇక్కడ కూడా లెక్క తనంతట తనే తేలుతుంది. హెచ్‌సీఎల్ వాయువుగా ఉంటే హైడ్రోజన్ క్లోరైడ్, నీళ్లలో కరిగితే హైడ్రోక్లోరిక్ ఆమ్లం.

ఇంత చెప్పాక ఒక పితలాటకం కూడా చెప్పాలి, లేకపోతే రేపు నువ్వే నన్ను నిలదీస్తావు. టార్చిలైటు బ్యాటరీలో ఉండే ఎంఎన్ఓ2ని మీ సారే మాంగనీస్ డయాక్సైడ్ అంటాడు. మాంగనీస్ లోహం గదా! నిజమే. ఇనుము, మాంగనీస్ లాంటి లోహాలు ఒకటికన్నా ఎక్కువ ఆవేశాలతో ఉంటాయి, వాటికి రోమన్ అంకె వేసి మాంగనీస్ నాలుగు ఆక్సైడ్, ఇనుము మూడు క్లోరైడ్ అన్నట్టు రాయడం పద్ధతి. అయినా మాంగనీస్ డయాక్సైడ్, టైటానియం డయాక్సైడ్ లాంటి పేర్లు వాడుకలో పాతుకుపోయాయి. అవి తప్పు కావు. చిల్లకూరు, కోట వైపు గాజు ఫ్యాక్టరీలకు లారీల్లో పోయే తెల్ల ఇసుక సిలికాన్ డయాక్సైడ్. దాంట్లో విడి అణువులే ఉండవు, అంతా ఒకే అల్లిక, పేరు మాత్రం అణువులకు పెట్టినట్టే పెట్టారు. ఇవి వచ్చినప్పుడు గుర్తుపెట్టుకుంటే చాలు, వీటి కోసం నియమాన్ని అనుమానించొద్దు.

హాస్టల్లో పిల్లలు చెప్పినట్టు వంద పేర్లు బట్టీ పడితే నూటొకటోది వచ్చినప్పుడు చేతులెత్తేస్తావు. దానికి బదులు రోజూ నాలుగైదు ఫార్ములాలు రాసుకొని పేరు పెట్టు, తర్వాత ఫార్ములాలు చేత్తో మూసి పేర్లు మాత్రమే చూసి ఫార్ములా వెనక్కి రాయి. వెనక్కి రాకపోతే పేరులో ఏదో తగ్గింది. పేరులో ఎక్కువైంది మాత్రం ఈ పద్ధతిలో దొరకదు, దానికి లోహం ఉందా అన్న ప్రశ్న ఉండనే ఉంది. మొదలుపెట్టడానికి ఇవి తీసుకో: సీసీఎల్4, ఎన్2ఓ5, సీఏసీఎల్2, ఎస్ఓ3, ఎన్ఏ2ఓ, సీఎల్ఎఫ్3. ఇందులో రెండిటికి అంకె అక్కర్లేదు, ఏవో నేను చెప్పను.

స్లిప్ టెస్టు పేపరు పట్టుకెళ్లి మీ సార్‌ను ఒక సంగతి అడిగి పెట్టుకో: ఎన్2ఓకి మోనో లేకుండా రాస్తే మార్కు ఇస్తారా అని. ఐయూపాక్ ఒప్పుకున్నా పేపరు దిద్దేది ఆయన. ఆయన మోనో కావాలంటే పెట్టు, ఇంటర్ రెండేళ్లూ ఆ ఒక్క మాట దగ్గర వాదన పెట్టుకోవద్దు.